వాలుగా నిలిచిన గడుల బోర్డు

గోదావరిఖని క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి. బొగ్గుబాయి దయ్యాల కథలు విని నవ్వుకున్నానే తప్ప ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నేను చూసింది ఆరు ఫోటోలు. వాటికంటే ముందు నా తప్పు చెప్పాలి.

నాలుగేళ్ల కిందట బొగ్గు మోసే బెల్టు మీద కెమెరా బిగించే పని నాకు అప్పగించారు. బొగ్గులో కలిసివచ్చే రాళ్లను గుర్తించి, వాటి సైజు కొలిచే కెమెరా అది. కొలత నిజం కావాలంటే ముందు కెమెరాను సరిచూడాలి. నలుపు తెలుపు గడుల బోర్డును దాని ముందు ఎవరైనా పట్టుకుంటే, చోటు మారుస్తూ ఫోటోలు తీస్తాం. గడి కొలత మనకు తెలుసు కాబట్టి, లెన్సు ఎంత వంకరగా చూస్తోందో కంప్యూటర్ లెక్కగడుతుంది.

బోర్డు పట్టుకోవడానికి కొమురయ్య కాకను పంపారు. బాయిలో పైకప్పు కూలి ఎడమ భుజం దెబ్బతిన్నాక ఆయనకు పైన తేలిక డ్యూటీ ఇచ్చారు. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు.

“గిది పట్టుకొని నిలవడాల్నా సారూ, కింద పరిచి అష్టాచెమ్మ ఆడాల్నా?” అని మొదటి రోజే నవ్వించాడు. ప్రతి ఫోటోకు ముందు తువ్వాలతో బోర్డు మీది బొగ్గుపొడి తుడిచేవాడు. తన డబ్బాలోని జొన్నరొట్టె సగం విరిచి నాకు పెట్టేవాడు. నాలుగు రోజులు అలాగే సాగింది.

ఎడమ చెయ్యి ముందుకు చాపలేడు కాబట్టి, ఆ వైపు బోర్డు వెనక్కి వాలేది.

“కాకా, సక్కగ పట్టు!” అని కసిరాను.

“బాయిల లైటు సక్కగ కొడితె పైకప్పుల పగులు కనవడదు బిడ్డా. వాలుగ కొట్టాలె. నీ కెమెరాకు గూడ గంతేనేమో.”

“ఇగ నువ్వే ఇంజనీరువు గదా!” అన్నాను. ఆయన నవ్వాడు.

వాలిన ఫోటోలన్నీ పక్కన పడేసి, సూటిగా ఉన్నవాటితోనే పని ముగించాను. కొలతలు తప్పొచ్చాయి. కారణం అడిగితే, బోర్డు పట్టుకున్న మనిషికి పని చేతకాలేదని పేరుతో సహా రాసిచ్చాను. ఆయన్ను ఆ పనిలోంచి తీసేశారు. కెమెరానూ మూలన పెట్టారు.

“ముప్పై ఏండ్లు బాయిల జేసిన. పని రాదని ఎవ్వలు రాయలె. నువ్వు రాస్తివి,” అన్నాడు గేటు దగ్గర. నేను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. ఆ మచ్చతోనే రిటైరయ్యాడు. మరుసటి వానకాలం చనిపోయాడు.

నిరుడు ఎండకాలం ఆ కెమెరాను మళ్లీ వాడదామని నన్నే పిలిచారు. ఈసారి మనిషి వద్దని, బోర్డును ఇనుప స్టాండుకు వెల్డింగ్ చేయించాను. పట్టపగలు, మధ్యాహ్నం రెండు గంటలవేళ. బెల్టు ఆగింది. నేనొక్కణ్ణే స్టాండును జరుపుతూ ఇరవై ఫోటోలు తీశాను.

లెక్క ఎన్నడూ లేనంత బాగా వచ్చింది. ఎందుకా అని చూస్తే, ఆరు ఫోటోల్లో బోర్డు ఒకవైపు వెనక్కి వాలి ఉంది. కొమురయ్య కాక ఎడమ చెయ్యి ఉండే వైపు. స్టాండు కాళ్లు మాత్రం కెమెరాకు ఎదురుగానే ఉన్నాయి. వెళ్లి రెండు చేతులా గుంజాను. వెల్డింగ్ చెక్కుచెదరలేదు.

అప్పుడు, నేను పడేసిన పాత ఫోటోలు కూడా కలిపి ఆ మొదటి లెక్క మళ్లీ చేశాను. సరిగ్గా వచ్చింది. బోర్డు వాలితేనే లెన్సు సంగతి తేలుతుంది. చదువుకున్న పాఠమే, తొందరలో మరిచాను. పని రానిది నాకు.

ఆయన ఇల్లాలు మల్లవ్వ బెల్లంపల్లిలో ఉంటుంది. వెళ్లి అన్నీ చెప్పాను. ఆరు ఫోటోలు చూపించాను. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది.

“గా భుజం ఇంక నొస్తనే ఉన్నదా ఆయనకు?” అంది. నేను తల వంచుకుని, తప్పు నాదేనన్నాను.

“నా ముంగట ఒప్పుకుంటె ఏమొస్తది బిడ్డా? యాడ రాసినవో గాడ రాయి.”

రాశాను. పాత ఫోటోలు జతచేసి, కొమురయ్య పని సరైనదనీ, నేను రాసిచ్చింది అబద్ధమనీ ఆఫీసులో ఇచ్చాను. కొత్త ఆరింటి గురించి అందులో ఒక్క ముక్క లేదు. అవి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. స్టాండు చేసిన వెల్డరుకూ తెలియదు.

ముద్ర వేసిన నకలు తీసుకెళ్లి మల్లవ్వకు చదివి వినిపించాను. ఆయన పేరు వచ్చిన చోట చెయ్యెత్తి ఆపింది.

“మల్లొక్కసారి సదువు,” అంది.