మౌస్ ముట్టుకోని మెంటర్

2003 జూన్‌లో నన్ను భౌతికశాస్త్రం పాఠాల నుంచి తప్పించి, డిప్యుటేషన్ మీద మదనపల్లెలో కంప్యూటర్ విద్యకు శిక్షకుడిగా వేశారు. ఉన్నత పాఠశాలలకు అప్పుడప్పుడే కంప్యూటర్లు వస్తున్నాయి. వాటితో పాఠం చెప్పడం మాత్రం టీచర్లకు తెలియదు. అందుకని వాళ్లలోంచే కొందరికి పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చి మెంటర్లుగా పంపాలి. మెంటర్ పని చుట్టుపక్కల నాలుగైదు బడులు తిరుగుతూ అక్కడి టీచర్లకు తోడుండడం. మూడు నెలల తరువాత వాళ్ల పనితీరు మీద నేను నివేదిక ఇవ్వాలి. అందులో 'కొనసాగించవచ్చు', 'తొలగించవచ్చు' అని రెండే గడులు. తొలగిస్తే బదులు మనిషిని ఇవ్వరు. ఆ బడుల కంప్యూటర్లు వేరే మండలానికి తరలిపోతాయి.

మొదటి బ్యాచ్‌లో అందరికంటే చురుకైనవాడు పుంగనూరు లెక్కల టీచరు చంద్రశేఖర్. నేను చెప్పడం ముగించేలోపే చేసి చూపించేవాడు. అందరికంటే వెనకబడినది కుప్పం నుంచి వచ్చిన హిందీ పండిట్ మునిరత్నమ్మ. యాభై దాటిన మనిషి. ఆవిడ మౌస్ కదిపితే తెర మీది బాణం అంచుకు పోయి అక్కడే కూర్చునేది. ఆలస్యమవుతోందని ఒకసారి ఆవిడ చేతిలోంచి మౌస్ తీసుకుని నేనే చేయబోయాను.

"మీరు చేస్తే మీకొస్తాది సార్, నాకు రాదు. రోంతసేపు ఇయ్యండి" అన్నారావిడ.

నాకది మొండితనంగా తోచింది.

మూడు నెలలు గడిచాక, శిక్షణ చివర పెట్టిన పరీక్ష మార్కులు ముందేసుకుని నివేదిక రాసేశాను. మునిరత్నమ్మ పేరు ఎదుట 'తొలగించవచ్చు' అని టైపు కూడా అయింది. సంతకానికి ముందు బడులు చూసి రావాలన్న నిబంధన ఉంది గనక బస్సెక్కాను.

పుంగనూరులో చంద్రశేఖర్ ఆ వారం సెలవు. కంప్యూటర్ గదికి తాళం. హెడ్మాస్టరు తాళంచెవి వెతికించి తెరిపించారు. ముగ్గురు టీచర్లను కూర్చోబెట్టి, తాము కంప్యూటర్‌లో దాచుకున్న పాఠాన్ని తెరవమన్నాను. ఒక్కరికీ రాలేదు. "ఆయప్ప చేస్తాంటే మేం సూస్తాంటాం సార్, అంతే" అన్నారు.

మర్నాడు కుప్పం వెళ్లాను. మునిరత్నమ్మ అక్కడా లేరు. ఆ రోజు ఆవిడ వంతు వేరే బడిలో. ఇక్కడా తాళమే అనుకున్నాను గానీ గది తెరిచే ఉంది. సోషల్ టీచరు వెంకటప్ప తొమ్మిదో తరగతికి తెర మీద నదుల పటం చూపిస్తున్నారు. ఇంతలో కరెంటు పోయి యూపీఎస్ కూత పెట్టింది. ఆయన కంగారు పడలేదు. పటాన్ని సేవ్ చేసి, కంప్యూటర్‌ను వరసప్రకారం ఆపి, నల్లబల్ల మీద పాఠం కొనసాగించారు. కరెంటు రాగానే మళ్లీ తెరిచి, ఆగిన చోటి నుంచి అందుకున్నారు.

ఎవరు నేర్పారని అడిగాను.

"మునిరత్నమ్మ మేడమే సార్. ఆయమ్మ మౌస్ ముట్టుకోదు. చేతులు ఎనక్కి కట్టుకుని నిలబడతాది. తప్పు చేస్తే యాల ఇట్లయిందో మమ్మల్నే చెప్పమంటాది. మొదట్లో కోపమొచ్చేది."

నివేదిక ఇంకా నా సంచీలోనే, సంతకం లేకుండా ఉంది. అది గుర్తొచ్చి ఊపిరి పీల్చుకున్నాను. అక్కడి బెంచీ మీదే ఆవిడ పేరు ఎదుట టైపైన మాట కొట్టేసి 'కొనసాగించవచ్చు' అని చేత్తో రాసి సంతకం పెట్టాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలా రోజుల తరువాత హాయిగా నిద్రపోయాను.

చంద్రశేఖర్‌ను తొలగించలేదు. సెలవు ముగిశాక పిలిపించి, పుంగనూరులో చూసింది చెప్పాను. అతను "మీరూ మాకు అట్లే నేర్పించినారు కద సార్" అన్నాడు. అతన్ని రెండు వారాలు మునిరత్నమ్మతో తిరగమని పంపాను. తిరిగొచ్చాక పుంగనూరు గదికి తాళం అవసరం తగ్గింది.

తరువాతి బ్యాచ్ నుంచి పరీక్ష మార్చాను. మెంటర్‌ను బయట కూర్చోబెట్టి, అతను నేర్పిన టీచరు చేత పని చేయించి, ఆ మార్కులే మెంటర్‌కు వేశాం. నేను రిటైరయ్యేదాకా అదే పద్ధతి నడిచింది. శిక్షకుడి పనితనాన్ని అతను లేని గదిలోకి వెళ్లి చూడాలి. ఈ చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్ల సర్వీసు చాలలేదు, కుప్పం దాకా ప్రయాణం కావలసి వచ్చింది.