బుద్ధుందా నీకు?

బంగారయ్యకు ఒకే ఒక్క గుణం. అప్పిచ్చినవాణ్ని పట్టుకుని తిడతాడు.

బాకీ ఉన్నవాళ్లు ఎవరైనా సందులోకి తప్పుకుంటారు. ఈ మహానుభావుడు ఎదురెళ్లేవాడు. పలాసలో చిన్న జీడిపిక్కల బట్టీ ఆయనది. తుఫాను తోటల్ని పడగొట్టాక అప్పులే మిగిలాయి. ఫైనాన్సు కంపెనీ శ్యాంసుందర్ వసూలుకొస్తే బజారంతా వినేలా అరిచాడు.

"నా మొకం సూసి ఎలాగిచ్చినావు? సదూకున్నావు, బుద్ధుందా నీకు?"

"మీరే కదండీ అడిగారు!"

"నానడిగితే ఇచ్చేత్తావా? నూతిలో దూకమంటే దూకుతావా?"

పాపం, శ్యాంసుందర్ క్షమాపణ చెప్పుకుని వెళ్లిపోయాడు.

నేను టెక్కలిలో వకీలు గుమాస్తాని. చివరికి బంగారయ్య మా దగ్గరికే వచ్చాడు, ఐపీ పెడతానని. అంటే దివాలా తీశాను, తీర్చలేను మొర్రో అని కోర్టుకు చెప్పుకోవడం. ఫీజు తర్వాత ఇద్దురుగాని అన్నందుకు మా వకీలుకీ పడ్డాయి తిట్లు.

నాకు ఒళ్లు మండింది మాత్రం వేరే సంగతికి. మా పోలమ్మ పిన్ని ఆయన బట్టీలోనే పిక్కలు కొట్టేది. ఇంటికి స్లాబు వేయాలని దాచుకున్న డబ్బు కొంగున కట్టుకుని బట్టీకెళ్లడం నేను కళ్లారా చూశాను. అప్పుల పట్టీలో ఆమె పేరు రాయబోతే, "దాని పేరెత్తకు!" అని కసిరాడు. దొంగ సచ్చినోడు, ముసలిదాని సొమ్ము మింగి పేరు కూడా దాస్తున్నాడనుకున్నాను.

వాయిదా రోజు పిన్ని కోర్టుకొచ్చింది. పక్కకు లాగాను.

"ఎంతిచ్చావో సెప్పు పిన్నీ! ఆడి అంతు సూత్తాను."

"ఏటిచ్చీది? కొంగుముడి ఇప్పేసరికి సీపురుకట్ట తీసినాడు. 'స్లాబు డబ్బులు నాకెందుకే, బుద్ధుందా నీకు' అని రోడ్డు దాకా తరిమినాడు. పిక్కలు కొట్టీవోళ్లు ఎవులు డబ్బట్టుకెల్లినా అదే మర్యాద. మా కూలి మాత్రం తన బండి అమ్మి ఇచ్చినాడు."

నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పట్టీ మళ్లీ చూశాను. అందులో ఉన్నవాళ్లంతా కంపెనీలు, సేట్లు. పోగొట్టుకున్నా వాళ్ల పొయ్యిలో పిల్లి పడుకోదు.

ఇంతలో బంగారయ్య బయటికొచ్చాడు. జేబులో బస్సు చార్జీ కూడా లేదు. పిన్ని టీ గ్లాసు చేతికందించింది.

"దివాలా తీసినోడికి ఇత్తన్నావేటే? బుద్ధుందా నీకు?"

"అప్పు కాదు బావా, టీ. నోరు మూసుకుని తాగు. సీపురుకట్ట నా ఇంట్లోనూ ఉంది."

బంగారయ్య గప్‌చుప్‌గా తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, పిన్ని మీద మళ్లీ లేచాడు.

"వానలొచ్చేత్తన్నాయి. ఆ స్లాబింకా ఎయ్యలేదేటే? బుద్ధుందా నీకు?"