శనివారం దేవుడి పేరు

దొరవారిసత్రంలో లాల్ అహ్మద్ కుట్టుమిషను చప్పుడు కంటే ఆయన కేకలే ఎక్కువ వినపడేవి. మనిషి చెడ్డవాడు కాదు. అడిగినవాళ్ళకల్లా సలహా చెప్పడం ఆయనకు అలవాటు, చెప్పినదానికి సరిగ్గా ఎదురు చెయ్యడం ఊరికి అలవాటు. పొలం గట్టు తగాదా వచ్చిందని ఆదెయ్య అంటే, కరణాన్ని పిలిపించి కొలిపించుకోమన్నాడు. ఆదెయ్య బుద్ధిగా తలూపి, ఇంటికి పోయి గట్టు నరికి, పొరుగువాడి చేత తన్నులు తిని, మళ్ళీ వచ్చి కొట్టు ముందరి బల్లమీదే కూర్చున్నాడు. "ఇప్పుడేం చెయ్యమంటావు సాయిబన్నా?"

"గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం. ఒక్క నయాపైసా వచ్చే పనా ఇది?" అనేది భార్య మస్తాన్‌బీ. ఇక ఎవడికీ ఏమీ చెప్పనని ఆయన రోజూ ఒట్టు పెట్టుకునేవాడు. తెల్లవారేసరికి ఆ బల్ల తుడిచి పెట్టేదీ ఆయనే. కుర్రతనంలో మదరాసులో కుట్టుపని నేర్చుకుంటూ ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. సరైన చోట సరైన మాట చెబితే ఎంత పనైనా అవుతుంది. మనవాళ్ళకి ఆ ఒక్క మాట చెప్పడం రాక చెడిపోతున్నారని ఆయన బాధ.

అరవైల మొదట్లో ఒక గాలివానకు పులికాటు సరస్సుకి అవతల, జాలర్లుండే కుప్పం పడవలు కొన్ని సముద్రంలో కొట్టుకుపోయాయి. అందులో పోలేరమ్మ మొగుడు మాల్యాద్రి ఉన్నాడు. కుప్పం మగవాళ్ళంతా వెతకడానికి పోయారు. ఇంతలో కొందరిని మదరాసు దగ్గర ఒడ్డుకు చేర్చారనీ, ఆస్పత్రిలో ఉన్నారనీ, వాళ్ళ పేర్లు తాలూకా కచేరీకి వచ్చాయనీ తెలిసింది. పోలేరమ్మ మరో ఇద్దరు ఆడవాళ్ళతో పరుగున లాల్ అహ్మద్ దగ్గరికి వచ్చింది.

"ఇందులో అడిగేదేముంది? కచేరీకి పోయి మీ ఆయన పేరు చెప్పు. ఉన్నాడో లేదో వాళ్ళే చూసి చెబుతారు," అన్నాడాయన. పెళ్ళిగుడ్డలు కుట్టే తొందరలో ఉండి తాను వెంట పోలేదు.

రెండు రోజులకి ఆమె మళ్ళీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. "లేడంట అన్నా. కుప్పంలో నా గాజులు తీసేదానికి రోజు చూస్తా ఉండారు. ఇంకేమన్నా దారుందా?"

లాల్ అహ్మద్ మిషను ఆపాడు. ఏదో అనుమానం వచ్చింది. "కచేరీలో ఏమని చెప్పినావు?"

"శనివారం దేవుడి పేరని చెప్పినాను. కొండ మీద ఉంటాడే, ఆ సామి పేరని."

ఆమె లెక్కలో అది తప్పు కాదు. మాలకొండ మీది నరసింహస్వామి గుడి తలుపులు తెరిచేది శనివారమే, మాల్యాద్రి అంటే ఆ కొండే. కుప్పంలో ఏ పసివాణ్ణి అడిగినా చెబుతాడు. కానీ ఆ గుమాస్తా కొత్తగా వచ్చినవాడు. కొండా శనివారమూ అనగానే అతనికి తిరుపతే తోచింది. వెంకటేశ్వర్లనేవాడు ఎవడూ లేడని పంపేశాడు.

"నీతో ఇంకా ఆడోళ్ళు వచ్చినారు గదా, ఒక్కరన్నా చెప్పలేకపోయినారా?"

"వాళ్ళకి బావ వరస గదన్నా. ఎట్టా చెబుతారు?"

లాల్ అహ్మద్ కత్తెర బల్లమీద విసిరికొట్టాడు. "మొగుడు చచ్చినాడో బతికినాడో తెలుసుకోవాల్సిన చోట పొడుపుకథలా?"

"మొగుడి పేరు పలికితే ఆయుస్సు తరుగుతుందన్నా. అసలే ఆయన ప్రాణం ఎట్టుందో."

లోపలి నుంచి మస్తాన్‌బీ వచ్చింది. "ఆయమ్మను ఎందుకు కసురుతావు మౌలా నాయనా? నీ పేరు నేను ఎన్నడన్నా పలికినానా?" ఇన్నేళ్ళలో ఆమె కొడుకు పేరు తగిలించి పిలవడమే తప్ప మరొకటి ఎరగదు. దాంతో ఆయనకు కోపం ఇంకా ఎక్కువైంది.

మర్నాడు పొద్దున్నే పోలేరమ్మను వెంటబెట్టుకుని కచేరీకి పోయి, తనే పేరు చెప్పాడు. గుమాస్తా తల ఎత్తలేదు. "మొన్న వెంకటేశ్వర్లు, ఇవాళ మాల్యాద్రా? రేపు ఇంకెవరు? ఆవిడ మొగుడైతే ఆవిడనే చెప్పమనండి."

ఎంత నచ్చజెప్పినా అతను వినలేదు. ఇటు చూస్తే ఈమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. వీళ్ళిద్దరి మధ్య లాల్ అహ్మద్‌కి ఏడుపొచ్చినంత పనైంది. "చెప్పు తల్లీ. ఒక్క మాట. ఏ దేవుడూ ఏమీ అనుకోడు, నాది పూచీ."

పోలేరమ్మ కళ్ళు మూసుకుంది. "మాల్యాద్రి," అంది.

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. ఆ పేరు ఉంది. కిందికి చదివి ఆగిపోయాడు. ఇంతసేపూ చూపించిన బిగువు అతని మొహంలో లేదు. "పోయాడమ్మా," అన్నాడు.

ఆమె అక్కడే కూలబడింది. గుమాస్తా లేచి వచ్చి లాల్ అహ్మద్ చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రం పోయాడండీ. మొన్నటిదాకా బాగానే మాట్లాడాడని ఆస్పత్రి వాళ్ళు రాశారు. మా ఇంటిది వచ్చిందా అని వచ్చినవాళ్ళనల్లా అడిగేవాడట."

తిరుగుదారిలో పోలేరమ్మ ముందు నడిచింది. కుప్పానికి పోయే పడవరేవు దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"నా నోటితో పలికించినావు గదా సాయిబన్నా. పలికిన గడియలోనే పోయినాడు."

మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. పోయింది ఇప్పుడు కాదు, నిన్న. మొదటిరోజే ఆ పేరు పలికి ఉంటే మనిషిని కళ్ళారా చూసుకునేదానివి. అది నిజం. చెబితే ఆమెకు జన్మంతా మిగిలేది ఆ నిజమే. ఎవడూ వినకపోయినా ఇంత కాలం గొంతు చించుకున్న మనిషి, ఆ మాటను అక్కడే మింగాడు.

"అవును తల్లీ," అన్నాడు. "నేనే పలికించినాను."