సోఫా మీది రోగి

ఈ పరాయి దేశంలో మేముండే క్వేకర్స్ హిల్‌లో మా పక్కింటి ఆంటీ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. నొప్పి లేకుండా వెళ్ళిపోయారు. కబురు వినగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఊరట. అదేం మాట అనుకునేవాళ్ళు కాస్త ఆగండి. కర్నూలులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన ఆ మనిషికి చావంటే భయం లేదు. తన నొప్పిని ఎవరూ గమనించరేమోనన్నదే ఆమె భయం. అలా పోయినవాళ్ళను ఆమె చాలామందిని చూశారు.

ఆమె నాకు గురువు కూడా. గుంటూరులో పద్దెనిమిదేళ్ళు నర్సుగా చేసి వచ్చిన నేను, ఇక్కడ వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా పనిచేస్తూ ఇక్కడి నర్సు లైసెన్సు పరీక్షకు చదివేదాన్ని. ఒకసారి తప్పాను. మా అనుభవాన్ని ఈ దేశం సున్నా చేయడం అన్యాయం. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. పరీక్షకు నాకు అభ్యాసం కావాలని, శనివారాలు ఆంటీ సోఫా మీద పడుకుని రోగి అయ్యేవారు. నేను వ్యవస్థను తిట్టడం మొదలుపెడితే కళ్ళు మూసుకునే, "ఉపన్యాసం అయినాక చెప్పు బేటీ, అంతదాకా ఊపిరి బిగబట్టుకుంటా" అనేవారు.

"ఊపిరి ఆడట్లేదంటున్నారు కదా ఆంటీ, డాక్టర్‌కి ఫోన్ చేస్తాను."

"చేసి ఏం చెప్తావు?"

"పేషెంట్‌కి బాలేదని."

"అది మా మనవడు గూడా చెప్తాడు. నువ్వేం చూసినావు?"

ఏమీ చూడలేదు. చూడటం నా పని అని నాకెవరూ నేర్పలేదు మరి! మన ఆసుపత్రుల్లో నర్సంటే డాక్టరు వెనక ట్రే పట్టుకుని నిలబడే చెయ్యి. ఆలోచించిందా, "నువ్వే డాక్టరువా?" అని వెటకారం. ఆ అవమానానికి మేం క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాం. ఆంటీ దాన్ని వారం వారం నాలోంచి పెరికారు. దుప్పటి కింద ఒక కాలికి తువ్వాలు చుట్టుకుని వాపు తెచ్చుకునేవారు. నేను దుప్పటి ఎత్తి చూడకుండా మందు ఇవ్వబోతే చచ్చిపోయేవారు, నాలుక బయటపెట్టి మరీ.

రెండోసారి పాసయ్యాను.

ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, ఆమెను చేర్చిన ఆసుపత్రికి వెళ్ళాను. అప్పటికే ఆంటీకి మాట పోయింది. ఆమె కూతురు మంచం పక్కనే నిలబడి ఉంది.

"నర్స్ చూసి వెళ్ళిందక్కా. పీస్‌ఫుల్‌గా ఉన్నారంది."

నాకలా అనిపించలేదు. గొడవ పెట్టుకోవడం నాకు బాగా వచ్చు. పెట్టుకోలేదు. ఒక పూర్తి నిమిషం ఆమె ఊపిరి లెక్కపెట్టి, నర్సును పిలిచాను. "నుదురు ముడుచుకుంటోంది. ఎడమవైపు కదిపితే దవడ బిగుస్తోంది. శ్వాస నిమిషానికి ఇరవై ఎనిమిది. ఆమెకు నొప్పిగా ఉంది" అన్నాను.

ఆ అమ్మాయి వాదించలేదు. వంగి, ఆంటీ ముఖాన్ని తీరిగ్గా చూసింది.

"మీరు నర్సా?"

"అవును."

అవసరమైతే ఇవ్వమని డాక్టరు రాసిపెట్టిన నొప్పి మందు అప్పుడే ఇచ్చింది. కాసేపటికి దుప్పటిని పట్టుకున్న ఆంటీ పిడికిలి సడలింది. నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. మూడు రోజులుగా నిలబడే ఉన్న కూతురు కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి, పాదాలు తల్లి మంచం అంచుకు ఆనించి, "అక్కా, తినడానికేమన్నా తెచ్చావా?" అంది.