సూదిముక్క చాలదు

చిన్నప్పటి నుంచీ ఆమెకు సోడాబుడ్డి కళ్ళద్దాలే. "ఈ చూపుతో డాక్టరు చదువా?" అని మేనమామ నవ్వితే, పంతం పట్టి మరీ చదివింది. చివరికి మైక్రోస్కోపు ముందే స్థిరపడింది. ఆస్పత్రి అడుగు అంతస్తులో, కోసిన ముక్కలు నిల్వ ఉంచే ఫార్మలిన్ వాసన వదలని గదిలో, ఏళ్ళ తరబడి ఆమె పని లింఫోమాలు చూడటం. లింఫు గ్రంథుల్లో పుట్టే ఆ క్యాన్సరు మెల్లగా పాకే రకమో, ఉరుకులు పెట్టే రకమో తేల్చాలంటే, చిన్న కణాల మధ్య పెద్దవి ఎన్నున్నాయో లెక్కపెట్టి గ్రేడు వేయాలి. వైద్యం ఆ గ్రేడును బట్టే ఉంటుంది.

ఒకరోజు ఒక దర్జీ మెడ గడ్డ నుంచి సూదితో తీసిన ముక్క వచ్చింది. దాదాపు అన్నీ చిన్న కణాలే. తక్కువ గ్రేడని రాసి పంపేస్తే ఏ గొడవా లేదు. కానీ గడ్డ నెల తిరక్కుండానే రెట్టింపయిందనీ, జ్వరం వదలడం లేదనీ కేసు కాగితంలో ఉంది. స్లైడు చెప్పేదానికీ, మనిషి పడే బాధకూ పొంతన కుదరలేదు.

క్యాన్సరు డాక్టరుకు ఫోన్ చేసింది. "గ్రంథి మొత్తం తీయించండి సార్. ఈ ముక్క మీద గ్రేడు వేయను."

"కత్తి అంటేనే హడలిపోతున్నాడమ్మా. ఉన్నదాంతో సర్దుకోండి."

"సర్దుకోడానికి ఇదేమన్నా బస్సులో సీటా? నేనే వచ్చి మాట్లాడతాను."

వార్డులో దర్జీ మెడ మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు. పక్కన భార్య.

"ఒకసారి పొడిచారుగా మేడమ్, మళ్ళీ కొయ్యడం ఎందుకు?" అన్నాడతను.

"థాను అంచు చూసి, లోపల గుడ్డంతా బాగుందని చెప్పగలరా?"

"విప్పకుండా ఎలా చెప్తానండీ?"

"నాదీ అదే ఇబ్బంది."

అతను భార్య వైపు తిరిగాడు. "ఇంకా నాన్చకండి," అంది భార్య. చివరికి తలూపాడు.

గ్రంథి వచ్చింది. మొదటి స్లైడ్లలో మళ్ళీ అవే చిన్న కణాలు! ఊరికే ఒక మనిషి మెడ కోయించానా అనుకుంది. అయినా పట్టు వదల్లేదు. మిగిలిన గ్రంథినంతా కోసి స్లైడ్లు చేయమని టెక్నీషియన్‌కు చెప్పింది. ఒక మూలలో కనబడ్డాయి. పెద్ద కణాలు, సందు లేకుండా, గుంపులు గుంపులుగా. తన అనుమానం నిజమైందని సంతోషించలేకపోయింది. కణాలు విడిగా తెలిసేలా స్లైడ్లకు ఇంకొక రంగు వేయించి చూసింది, తోటి డాక్టరుకూ చూపించింది. ఇద్దరిదీ ఒకటే మాట: ఉరుకులు పెట్టే రకం. ఆ సాయంత్రమే రిపోర్టు పంపింది.

బలమైన మందులు మొదలయ్యాయి. దర్జీ జుట్టు రాలింది, మనిషి సగమయ్యాడు. కానీ ఒంట్లో మిగిలిన గడ్డలు కరిగిపోయాయి, స్కాన్‌లో జాడ లేదు. కొంత ఒళ్ళు చేశాక ఒకరోజు మెట్లు దిగి ఆమె గదికొచ్చాడు.

"నా గడ్డ ఒక్కసారి చూపిస్తారా?"

ఆమె స్లైడు పెట్టింది. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"గులాబీ, ఊదా... ఇంత అందంగా ఉన్నాయేంటండీ, ఈ దొంగవెధవలు!"

"అందం చూసి మోసపోకూడదనే నన్నిక్కడ కూర్చోబెట్టారు," అని నవ్వి, ఆమె తర్వాతి స్లైడు అందుకుంది.