పని చెప్పడం నేర్చుకున్న రాహేలు

మా ఊరు ఆలేరు అవతల. మా నాయన ఆ ఊరి సుంకరి. పటేలు మాటను ఇంటింటికీ చేర్చడం ఆయన పని. సుంకరి ఇళ్లలో పదో తరగతి గట్టెక్కిన మొదటివాణ్ని నేనే. మా బడికి ఇంగ్లీషు సారు వచ్చిన రోజులకన్నా రాని రోజులే ఎక్కువ. రాని రోజుల్లో నాకు నేనే సారును. ఆ ఇంగ్లీషుతోనే నాచారం పారిశ్రామికవాడలో ఒక పంపుల కంపెనీ టైం ఆఫీసులో చేరి, హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. జర్మనీ ఇంజినీరు వచ్చినప్పుడు ఆయన పక్కన నిలబడి మాట అందించింది ఈ ఉప్పలయ్యే.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేదు. చిల్కానగర్‌లో చర్చి వెనక రేకుల గది ఇచ్చారు. ఆదివారం సాయంత్రాలు అక్కడ ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు నాగారం, దమ్మాయిగూడ కొత్త కాలనీల దాకా ఉన్నారు. ఒకతను బ్యాంకులో ఉన్నాడు, ఒకామె పెద్ద దవాఖానాలో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. చేసింది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అయితే ఎవరైనా ఒక్కరి గురించే రాయమంటే, రాహేలు గురించే రాస్తాను.

తెలంగాణ రావడానికి ముందు ఏడాది అది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. రాహేలు నాచారంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేది. చెయ్యి చురుకు, లెక్క చురుకు. లైన్ సూపర్వైజర్ పోస్టు ఖాళీ అయితే ఆమెకే ఇద్దామని మేనేజరు గిరిప్రసాద్ గారు అనుకున్నారు. ఒకటే షరతు. సరుకు చూడటానికి కొలంబో నుంచి వచ్చే ఇన్స్పెక్టర్ మేడంకు తెలుగు రాదు, హిందీ రాదు. లైన్లో ఎవరితో ఏం చేయించేదీ ఆమెకు ఇంగ్లీషులో చెప్పగలగాలి. అందుకే రాహేలు నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త శాంసన్ ఆటోలో దింపి, పాఠం అయ్యేదాకా గడపలోనే కూర్చునేవాడు.

నేర్పిందంతా నేర్చుకుంది. తీరా మేడం వచ్చిన రోజున జరిగింది వేరు. ఒక కట్టలో కాలర్లు ముడతలు పడ్డాయి. వాటిని కుట్టింది అన్నపూర్ణమ్మ. ఆమెది కోస్తా, భీమవరం వైపు. వయసులో పెద్దది, రాహేలుకు మిషన్ తొక్కడం నేర్పిందీ ఆమే. "ఇప్పుడేం చేస్తావు?" అని మేడం అడిగింది. రాహేలు నోరు తెరవలేదు. అన్నపూర్ణమ్మ చేతిలోని చొక్కా తీసుకుని, ఆమెను లేపి, తానే స్టూలు మీద కూర్చుని కుట్టు విప్పి మళ్లీ కుట్టేసింది. మేడం తల అడ్డంగా ఊపింది. ఈమె మంచి టైలరే, సూపర్వైజర్ కాదు అని గిరిప్రసాద్ గారితో చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చే నెల తనిఖీలో చూద్దాం, అప్పుడూ ఇంతే అయితే పోస్టు బయటివాళ్లకు పోతుంది అన్నారాయన.

ఆ ఆదివారం రాహేలు మొహం మాడిపోయి ఉంది.

"మాటలు యాదికి రాలేదా?" అన్నాను.

"మాటలు యాదికున్నయి సార్. నోరే రాలే. పెద్దమ్మకు నేను పని జెప్పుడేంది? తప్పు గాదా?"

"ఇంట్ల నాకైతే మస్తు జెప్తది సార్," అన్నాడు శాంసన్ గడపలోంచి.

"నువ్వు జర నోరు మూసుకో," అంది రాహేలు.

అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన వాకిట్లో నిలబడి ఊరికే 'రమ్మన్నరు' అంటే ఎవరూ కదిలేవారు కాదు. ఎవరు రమ్మన్నారు, ఎవరిని రమ్మన్నారు, రెండూ విడమరిచి చెబితేనే చెప్పులు తొడుక్కునేవారు. ఇంగ్లీషూ అంతే.

"సూడు బిడ్డా," అన్నాను. "వాంట్ అంటే కోరుడు. ఆస్క్ అంటే అడుగుడు. టెల్ అంటే చెప్పుడు. అలౌ అంటే చెయ్యనిచ్చుడు. ఈ నాలుగు మాటల ఎన్క మనిషి నిలబడాలె, ఆ మనిషి ఎన్క పని నిలబడాలె. ఐ వాంట్ హర్ టు ఓపెన్ ఇట్. కోరేది నేను, కుట్టు ఇప్పేది ఆమె. నువ్వు ఆమెను లేపి ఆ జాగల కూసున్నవు. ఇగ ఆ మాటల ఆమె ఏడున్నది?"

రాహేలు ఆ వాక్యం పుస్తకంలో రాసుకుంది.

చదువు చెప్పడంలో నాదొక పద్ధతి ఉంది. నోరు రానివాళ్ల చేత నాకే పని చెప్పిస్తాను. కుర్చీలో కూర్చుని, "నాకు పని జెప్పు. ఇంగ్లీషుల," అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీకా సార్? అమ్మో!" అంది. నేను కదల్లేదు. ఆమె నేల చూస్తూ, "ఐ వాంట్ యూ టు బ్రింగ్ వాటర్," అంది. లేచి వెళ్లి కుండలో నీళ్లు ముంచి తెచ్చి ఇచ్చాను. ఆమె నిలబడి తాగింది. ఆ సాయంత్రం కుర్చీ జరిపాను, కిటికీ తీశాను, బోర్డు తుడిచాను, శాంసన్‌ను లోపలికి పిలిచాను. ఆమె చెప్పనిదే ఏదీ చేయలేదు. ముగిసేసరికి రాహేలు నేల చూడటం మానేసింది.

"సార్, గిది ఇంటికాడ గూడ మొదలైతది," అన్నాడు శాంసన్.

"మొదలైతే నీళ్లు తే. నేను తేలేదా?" అన్నాను.

మాటైతే వచ్చింది గానీ అసలు ముడి విడలేదు. తనిఖీ అయిన నాటి నుంచి అన్నపూర్ణమ్మ రాహేలుతో మాట్లాడటం లేదట. ముందు ఆమె దగ్గరికే వెళ్లమన్నాను. మర్నాడు అన్నం గంట కొట్టాక రాహేలు తన డబ్బా తీసుకుని పోయి ఆమె పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, నీకు పని జెప్పొద్దనే నేను కుట్టిన. నీ మీద గౌరవంతోని," అంది.

అన్నపూర్ణమ్మ ముద్ద దించింది. "గౌరవమా? నలుగురి ముందూ నా చేతిలో గుడ్డ లాక్కుని నన్ను లేపేశావు. ముసలిదానికి చేతకాదని ఆవిడకి చూపించావు. ఇది విప్పు పెద్దమ్మా అంటే నేను విప్పనా? నా కుట్టు నేను విప్పుకోలేనా?"

"చెప్తే కోపమొస్తదనుకున్న."

"చెప్పనందుకే వచ్చింది. ఆ పప్పు ఇటు తే."

మరుసటి నెల మేడం మళ్లీ వచ్చింది. కాలర్లు మళ్లీ ముడతలు పడ్డాయి; ఆ గుడ్డ గుణమే అంత, జారిపోతుంది. మేడం కట్ట చూసి, అన్నపూర్ణమ్మ వైపు వేలు చూపించి, ఈమెను తీసేసి చిన్న వయసు వాళ్లను కూర్చోబెట్టమంది. గిరిప్రసాద్ గారు రాహేలు వైపు చూశారు.

రాహేలు ముందు అన్నపూర్ణమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఈ కాలర్ ఇప్పి మళ్ల కుట్టు. గుడ్డను జర వదులుగ పట్టు," అంది. తర్వాత మేడం వైపు తిరిగింది. "నో మేడం. ఐ వాంట్ హర్ టు డూ ఇట్," అంది. ఆమే చేయాలి అని. మేడం గడియారం చూసుకుంది. అప్పుడు రాహేలు ఇంకో మాట అంది. "ఐ వాంట్ యూ టు వెయిట్. ప్లీజ్."

కొలంబో మేడంనే ఆగమంది! గిరిప్రసాద్ గారికి చెమట పట్టిందట. మేడం మాత్రం ఖాళీ స్టూలు లాక్కుని కూర్చుంది. అన్నపూర్ణమ్మ తొందరపడలేదు. విప్పింది, ఇస్త్రీ చేయించింది, కుట్టింది, దారం కొరికి చొక్కా అందించింది. మేడం కాలర్‌ను వెలుతురుకు పట్టి చూసి, దాన్ని రాహేలు చేతికే ఇచ్చింది. మిగతా కట్టంతా ఇలాగే చేయించమంది. ఆ సాయంత్రమే గిరిప్రసాద్ గారు పోస్టు ఖాయం చేశారు.

ఇదంతా నాకు చెప్పింది అన్నపూర్ణమ్మే. ఆదివారం రాహేలుతో పాటు వచ్చి ముందు బెంచీ మీద కూర్చుంది.

"మాస్టారూ, నాకూ ఒక వాక్యం నేర్పండి. ఒక్కటి చాలు."

"ఏ వాక్యమమ్మా?"

"దీనికి పని చెప్పడానికి. సూపర్వైజర్ అయిందిగా, మనం కూడా ఇంగ్లీషులోనే చెప్పాలి."

చెప్పాను. ఆమె రెండుసార్లు పెదవులు కదిపి చూసుకుని, గొంతు సవరించుకుని, రాహేలు వైపు తిరిగింది. "ఐ వాంట్ యూ టు బ్రింగ్ టీ. మాస్టారికి కూడా," అంది.

రాహేలు అప్పటికే గడప దాటింది.