ఏ మూత?

వార్డు తుడిచే బకెట్ దగ్గర బ్లీచింగ్ మందు ఘాటుకు నా కళ్లు మండాయి. నాగర్‌కర్నూల్‌లో నేను నర్సుగా పనిచేసే దవాఖాన అది. "రెండు మూతలు పోసిన సిస్టర్" అంది ఆయమ్మ. "ఏ మూత?" అనేశాను. ఆ మాట నాది కాదు, సుశీల మేడంది.

గద్వాల జూనియర్ కాలేజీలో ఆమె మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గేటు దాకా వినపడేది. ద్రావణాల గాఢత పాఠం నా బుర్రకు ఎక్కేదే కాదు. ఒకరోజు విసిగిపోయి, "రేపు మీ ఇండ్లల్ల ఖాళీ పురుగుమందు డబ్బాల మూతలు తెండ్రి. మంచిగ కడిగి తేవాలె" అన్నారు. మేం నవ్వుకున్నాం.

మాది గట్టు దగ్గర పల్లె. నాయన కంపెనీకి విత్తనాలిచ్చే సీడు పత్తి వేశాడు. అది పండకపోతే చదువు ఆపి కూలికి రావాలని ముందే చెప్పేశాడు. ఎప్పుడూ చిన్న డబ్బా కొనేవాడు, ఆసారి అదే మందు పెద్ద డబ్బా తెచ్చాడు. మా ఇంటి పాత చిన్న మూత ఒకటి, పక్కింటివాళ్ల దగ్గర అదే మందు ఖాళీ పెద్ద డబ్బా మూత ఒకటి పట్టుకెళ్లాను.

మేడం వాటిని నీళ్లతో నింపి కొలత గ్లాసులో పోశారు. చిన్నది ఐదు మిల్లీలీటర్లు, పెద్దది పన్నెండు.

"మీ నాయన మందు కొట్టే ట్యాంకుకు ఎన్ని మూతలు పోస్తడు?"

"రెండు మేడం."

"ఏ మూత?"

ఆ పొద్దున్నే నాయన పెద్ద డబ్బాతో చేనుకు పోయాడు. పది పడాల్సిన చోట ఇరవై నాలుగు. పాఠం అప్పుడు ఎక్కింది! మేడం తన ఫోన్ ఇచ్చారు.

"నాయనా, ఆపు! మూత పెద్దది!"

"ఎన్నేండ్ల సంది కొడుతున్న, నాకు తెల్వదా?"

మేడం ఫోన్ లాక్కున్నారు. "అన్నా, నీ బిడ్డకు సదువు చెప్పే టీచర్‌ను. జర ట్యాంకు కింద పెట్టు."

అప్పటికే నాలుగు సాళ్లకు కొట్టేశాడు. వాటి ఆకులు మాడిపోయాయి. మిగతా చేను నిలబడింది, నా చదువూ నిలబడింది.

మేడం ఆ కొలత గ్లాసు నాయనకిమ్మని నా చేతికిచ్చారు. "లాబ్‌ది, పంటైనంక తేవాలె" అన్నారు. పంటయ్యాక తీసుకెళ్తే కసిరారు. "మీ నాయన ఎవుసం బంద్ చేసిండా? మరెందుకు తెచ్చినవ్?"

పోయినేడు మేడం చనిపోయారు. ఫోన్‌లో ఆ సంగతి నాయనకు చెప్పాను. "మరి ఈ గ్లాసు ఎవరికియ్యాలె బిడ్డా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆయమ్మ చేతిలోని మూత తీసుకున్నాను. నీళ్లు నింపి, వార్డులోని కొలత గ్లాసులో పోసి, "ఏ గీత దాకా వచ్చిందో చూడమ్మా" అన్నాను.